మీట నొక్కే ముందు



ఉదయం ఎనిమిదిన్నర వేళ ఉప్పల్ చౌరస్తాలో ఒక పక్కగా నిలబడి ఎప్పుడైనా చూశారా? వరంగల్ వైపు పోయే బస్సు కోసం మూటలు ఎత్తుకుని పరుగెత్తేవారు, టిఫిను డబ్బాలు పట్టుకుని నాచారం కార్ఖానాలకు షేర్ ఆటోల్లో పోయే కార్మికులు, వీపున బరువైన సంచీలతో మీలాంటి పిల్లలు, తలమీద మెట్రో రైలు, తల కింద హారన్ల గోల. ఒక్క నిమిషంలో అక్కడ వంద సంఘటనలు జరుగుతాయి. వాటిలో ఏ ఒక్కటీ మళ్ళీ అచ్చంగా అదే విధంగా జరగదు.

ఇప్పుడు మీలో చాలామందికి సెల్‌ఫోన్ అందుబాటులో ఉంది. మీది కాకపోతే నాన్నగారిదో అక్కదో ఉంటుంది. కనబడిందల్లా ఫోటో తీస్తున్నారు. తీయవద్దని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. తప్పకుండా తీయండి. కాని నాదొక అభిప్రాయం ఉంది. వీధిలో తీసే ఫోటో ఒక పరిశీలన. ప్రయోగశాలలో మనం పాటించే నియమాలే దానికీ వర్తించాలి. ముందు ఓపికగా చూడాలి. ఉన్నదాన్ని మార్చకూడదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది రాసుకోవాలి. మనం పరిశీలించే ప్రాణికి హాని చేయకూడదు. ఇవి లేకుండా వేలితో నొక్కుకుంటూ పోతే ఫోను నిండుతుంది గాని బుర్ర నిండదు. ఎందుకంటున్నానో చెబుతాను.

క్షణం చేతికి చిక్కిన కథ

కదిలే మనిషిని ఉన్నవాడిని ఉన్నట్టు ఫోటో తీయడం ఒకప్పుడు సాధ్యమయ్యే పని కాదు. 1838లో ఫ్రాన్సు దేశానికి చెందిన డాగుర్రే తన ఇంటి కిటికీలోంచి పారిస్ నగరంలోని ఒక రద్దీ వీధిని ఫోటో తీశాడు. ఆ ఫోటోలో వీధి దాదాపు ఖాళీగా కనిపిస్తుంది! గుర్రపు బండ్లు, జనం ఏమయ్యారు? ఆనాటి పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపట్లో కదిలిపోయిన వారి గుర్తు పలక మీద మిగల్లేదు. ఒక మూలన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఫోటోలో కనిపించిన తొలి మనుషుల్లో ఆయన ఒకడని చెబుతారు. తన ఫోటో తీస్తున్నారన్న సంగతే ఆయనకు తెలియదు!

మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో గొప్ప చోటుంది. రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పనిచేశారు. 1905లో మరణించిన ఆయన తీసిన కోటలు, దర్బార్లు, దొరల చిత్రాలను ఈనాటికీ చూసి ఆశ్చర్యపోతాం. అవి గాజు పలకల మీద తీసినవి. పెట్టెలాంటి పెద్ద కెమెరా, దాని కింద మూడు కాళ్ళ పీట. దర్బారులో ఉన్నవారంతా కదలకుండా కూర్చోవాలి. అలాంటి కెమెరాతో బజారులో పరుగెత్తే పిల్లవాడిని వెంటాడడం చాలా కష్టం.

1925లో జర్మనీలో లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చింది. ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మునే అందులో వాడాడు. కెమెరా కోటు జేబులో పట్టింది. దాంతో ఛాయాగ్రాహకుడు వీధిలోకి నడిచాడు.

అలా నడిచినవారిలో ఫ్రాన్సు దేశస్థుడు ఆన్రీ కార్తియే బ్రెసాన్ ముఖ్యుడు. 1932లో పారిస్‌లోని ఒక రైల్వే స్టేషను వెనుక, నీళ్ళు నిలిచిన చోట ఒకాయన గెంతుతుండగా ఫోటో తీశాడు. మడమ నీటిని తాకడానికి వెంట్రుకవాసి దూరం ఉంది. నీటిలో ఆయన నీడ స్పష్టంగా కనబడుతుంది. ఇంకొక్క రెప్పపాటు ఆగితే నీరు చెదిరిపోయేది, ఆ చిత్రమే ఉండేది కాదు.

వేలు ఎందుకు వెనకబడుతుంది?

వానాకాలంలో ఉప్పల్‌లోనూ నాచారంలోనూ గుంటలకు కొదవ లేదు కదా! గుంట దాటేవారూ ఎప్పుడూ ఉంటారు. మరి మనం కూడా అలాంటి ఫోటో తీయవచ్చా? కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేద్దాం.

ఒక మనిషి గుంట దాటడానికి నేల నుంచి 10 సెంటీమీటర్లు పైకి ఎగిరాడనుకోండి. మీరు నేర్చుకున్న గురుత్వ త్వరణ సూత్రం వేసి చూస్తే, పైకి పోవడానికి, కిందికి రావడానికి కలిపి సుమారు 0.29 సెకన్లు పడుతుంది. అంతే, మనిషి గాలిలో ఉండేది ఆ కాస్త సేపే.

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. కంటికి కనబడింది మెదడుకు చేరి, మెదడు ఆజ్ఞ వేలికి చేరి, వేలు కదలడానికి కనీసం 0.2 సెకన్లు పడుతుంది. ఫోను తన పని మొదలుపెట్టడానికి మరికొంత కాలం కావాలి. అంటే ఆ మనిషి ఎగరడం చూశాక మీరు నొక్కితే, ఫోటోలో దిగేది బురద చిమ్మిన తరువాతి దృశ్యమే!

మరి ఉపాయం ఏమిటి? ఎగరబోతున్నాడని ముందే తెలుసుకోవాలి. అది జ్యోతిషం కాదు, శ్రద్ధగా చూస్తే తెలిసిపోయే విషయం. గుంట దగ్గరికి వచ్చిన మనిషి ముందు నడక నెమ్మదిస్తాడు. ఒకసారి నీటి వంక, ఒకసారి ఆవలి గట్టు వంక చూస్తాడు. ఆడవారైతే చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంటారు. చేతిలోని సంచీని ఒంటికి దగ్గరగా లాక్కుంటారు. మోకాలు వంగుతుంది. ఈ గుర్తులన్నీ ఎగరడానికి ముందు వచ్చేవే. వాటిని కనిపెట్టినవాడికి 0.2 సెకన్ల ఆలస్యం అడ్డు కాదు.

ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ చూసే ఉంటారు. 2005లో అక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. బౌలరు చేతి నుంచి బ్యాటు దాకా ఉన్న 18 మీటర్ల దూరాన్ని అర సెకను లోపే దాటేస్తుంది. బంతి తన దగ్గరికి వచ్చాక చూసి కొట్టే బ్యాట్స్‌మన్ ఎవరూ ఉండరు. బౌలరు మణికట్టును, భుజాన్ని చూసి బంతి ఎక్కడ పడుతుందో ముందే ఊహిస్తాడు. మంచి వీధి ఛాయాగ్రాహకుడు చేసేది కూడా సరిగ్గా ఇదే.

ఇంకొక చిన్న లెక్క. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచే మనిషి సెకనులో 60వ వంతులో సుమారు 2.3 సెంటీమీటర్లు కదులుతాడు. 500వ వంతులో అయితే 3 మిల్లీమీటర్ల లోపే. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు 60వ వంతు సెకనులో దాదాపు 17 సెంటీమీటర్లు పోతుంది. పగటి ఎండలో ఫోను చాలా తక్కువ సమయంలోనే తనకు కావలసిన కాంతిని తీసుకుంటుంది కనుక చిత్రం స్పష్టంగా వస్తుంది. సందెవేళ వెలుతురు చాలక ఎక్కువసేపు తీసుకుంటుంది. అందుకే అప్పుడు తీసిన బస్సు అలికినట్టు వస్తుంది. ఇది తెలిసినవాడు ‘నా ఫోను మంచిది కాదు’ అని నిందించడు. ఎండ ఉన్న వేళ వస్తాడు, లేదా నిలిచి ఉన్న దాన్ని ఎంచుకుంటాడు.

ఒక్కసారి నలభై తీస్తే సరిపోదా?

ఇక్కడ మీలో ఒకరు లేచి, “మాస్టారూ, ఇన్ని లెక్కలు ఎందుకండీ? మీట నొక్కి పట్టుకుంటే ఫోను వరుసగా నలభై ఫోటోలు తీస్తుంది. నచ్చింది ఉంచుకుని మిగతావి తీసేస్తే పోలేదా?” అనవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కొన్ని ఫోన్లు మనం నొక్కకముందు కనిపించిన దృశ్యాన్ని కూడా కాస్త దాచి ఉంచుతాయి. కాబట్టి యంత్రం మన వేలి కంటే చురుకైనదని ఒప్పుకోవలసిందే. అయినా నేను మీతో ఏకీభవించను. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక వానరోజు నాచారంలో పూలమ్మే ఒక అవ్వ రోడ్డు దాటుతూ జారి పడింది. గంపలోని చామంతులు నీళ్ళలో తేలాయి. అక్కడే ఉన్న పదో తరగతి కుర్రవాడు మీట నొక్కి పట్టుకుని నాలుగు సెకన్లలో నలభై ఫోటోలు తీశాడు. అవ్వ వెల్లకిలా పడిన ఫోటోను స్నేహితులకు పంపాడు. వారు మరికొందరికి పంపారు. అందరూ నవ్వుకున్నారు.

తరువాత ఆ నలభై ఫోటోలనూ తరగతిలో అందరం వరుసగా చూశాం. ఏడో ఫోటోలో అవ్వ పడుతోంది. పదిహేనో దానిలో ఇద్దరు యువకులు నవ్వుతున్నారు. ముప్పై ఎనిమిదో దానిలో, వెనకాల, ఒక ఆటో డ్రైవరు ఒక కాలు నేల మీద పెట్టి దిగుతున్నాడు. బడి దుస్తుల్లో ఉన్న ఒక అమ్మాయి తన సంచీని గోడ మీద పెడుతోంది. నలభయ్యో దానితో వరుస ఆగిపోయింది. ఆ తరువాత ఆటో డ్రైవరు అవ్వను లేవనెత్తాడనీ, ఆ అమ్మాయి పూలన్నీ ఏరి గంపలో వేసిందనీ కుర్రవాడే చెప్పాడు. కాని అది ఫోనులో లేదు. అప్పటికే తనకు కావలసింది దొరికిందనుకుని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు!

చూశారా? అసలైన క్షణం నలభయ్యో ఫోటో తరువాత వచ్చింది. యంత్రం ఎన్ని తీయమంటే అన్ని తీస్తుంది. ఎంతసేపు చూడాలో, దేనికోసం ఆగాలో అది చెప్పలేదు. ముప్పై ఎనిమిదో ఫోటోలోని ఆటో డ్రైవరు కాలు, అమ్మాయి సంచీ రాబోయే దృశ్యానికి గుర్తులు. గుంట దాటబోయే మనిషి వంగిన మోకాలు లాంటివన్నమాట. చూసే అలవాటున్న కన్ను వాటిని పట్టుకునేది.

ఇంకొకటి ఆలోచించండి. అవ్వ పడిన ఫోటో అబద్ధం కాదు. ఆమె నిజంగానే పడింది. కాని ఆ ఒక్కటే పంపితే, నాచారం మనుషులు పడినవారిని చూసి నవ్వేవారని చూసినవాళ్ళు అనుకుంటారు. నలభై కొలతల్లో తనకు నచ్చిన ఒక్కటే రాసి మిగతావి కొట్టేసిన విద్యార్థికి ప్రయోగ పరీక్షలో మార్కులు వేస్తామా?

మర్నాడు ఆ కుర్రవాడు అవ్వ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆమె తిట్టలేదు. “నేను పడ్డది ఊరంతా చూపెడితివి బిడ్డా, పూలు ఏరిన పిల్లను ఎందుకు చూపెట్టలే?” అన్నదట. ఇన్ని పేజీల్లో నేను చెప్పదలచుకున్నదాన్ని ఆమె ఒక్క మాటలో అడిగింది. వాడు ఆ ఫోటోను తన ఫోనులోంచి తీసేశాడు, పంపినవారినందరినీ తీసేయమని బతిమాలాడు. కాని చేయి దాటిపోయిన ఫోటో ఎన్ని ఫోన్లలో మిగిలిపోయిందో ఎవరు చెప్పగలరు?

ఎప్పుడు? ఎక్కడ?

హబ్సిగూడ నుంచి ఉప్పల్ వచ్చే దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1961లో నెలకొల్పారు. భూకంపాలను నమోదు చేసే పరికరాల గురించి అక్కడి శాస్త్రజ్ఞులను అడిగితే మనకు ఒక మంచి పాఠం దొరుకుతుంది. భూకంపం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ పరికరాలు రాత్రింబవళ్ళు మేలుకుని ఉంటాయి. ‘కాస్త ఆగు, మళ్ళీ ఒకసారి కంపించు’ అని భూమిని అడగలేం కదా!

అంతేకాదు. ఆ పరికరం గీసిన గీత పక్కన కచ్చితమైన కాలం లేకపోతే ఆ గీత ఎందుకూ పనికిరాదు. ముందు వచ్చే తరంగాలకూ వెనుక వచ్చే తరంగాలకూ మధ్య ఎంత కాలం గడిచిందో చూసి భూకంపం ఎంత దూరంలో వచ్చిందో లెక్క కడతారు. కనీసం మూడు చోట్ల నుంచి ఆ దూరాలు తెలిస్తే అది పుట్టిన స్థలం తెలుస్తుంది. కాలం, స్థలం లేని గీత వట్టి గీతే.

మీ ఫోటోకూ ఇదే నియమం. ‘ఉప్పల్ రింగ్ రోడ్డు, బస్టాపు, జూలై, మంగళవారం, ఉదయం 8.40, వాన వెలిసిన పది నిమిషాలకు’ అని ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోను కాలాన్ని, కొన్నిసార్లు స్థలాన్ని కూడా తనంతట తానే ఫోటోలో దాచి ఉంచుతుంది. కాని వాన వెలిసిందని, రోడ్డుకు ఆ పక్కన ఏం జరిగిందని అది రాయదు. ఒక జాగ్రత్త కూడా చెబుతాను. స్థలం దాగి ఉన్న ఫోటోను ముక్కూ మొహం తెలియనివారికి పంపితే, మీ ఇల్లు ఎక్కడుందో వారికి చెప్పినట్టే.

కెమెరా కూడా కొన్నిసార్లు మనల్ని మోసగిస్తుందని మరువకండి. చాలా ఫోన్లు దృశ్యం మొత్తాన్ని ఒకేసారి తీసుకోవు. వరుస తరువాత వరుసగా తీసుకుంటాయి. ఆ లోపల బస్సు కాస్త ముందుకు పోతుంది. అందుకే దగ్గరగా దూసుకుపోయే బస్సు ఫోటోలో పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. బస్సు ఒరగలేదని మీకు తెలుసు. తెలియనివారికి చెప్పవలసిన బాధ్యత మీది.

ఉన్నది ఉన్నట్టు

నాచారంలో నటుడు ఎన్.టి.రామారావు గారు స్థాపించిన రామకృష్ణ స్టూడియో గురించి మీ పెద్దలను అడగండి. అక్కడ ఎన్నో సినిమాల చిత్రీకరణ జరిగింది. సినిమాలో దర్శకుడు ‘యాక్షన్’ అంటాడు, బాగా రాకపోతే మళ్ళీ చేయమంటాడు. అది నాటక కళ, దాని గొప్పతనం దానిది. స్టూడియో గోడ బయట వీధిలో మాత్రం ఆ హక్కు మనకు లేదు. ‘అన్నా, ఇంకోసారి చాయ్ అట్లనే పోయవా?’ అని అడిగి తీసిన ఫోటోను అనుకోకుండా దొరికిన క్షణమని చెప్పుకోవడం కొలతను దిద్దడంతో సమానం.

మరి అడగకుండా తీయవచ్చా? ఇది కష్టమైన ప్రశ్న. ముందు అడిగితే మనిషి సర్దుకుని నిలబడతాడు, సహజత్వం పోతుంది. అడగకపోతే అతని ముఖాన్ని అతనికి తెలియకుండా తీసుకున్నట్టవుతుంది. నా అభిప్రాయం ఇది. తీసిన వెంటనే దగ్గరికి వెళ్ళి నమస్కారం చేసి చూపించండి. ‘పెదనాయనా, ఇది ఉంచుకోవచ్చా?’ అని అడగండి. వద్దంటే ఆయన కళ్ళ ముందే తీసేయండి. చిన్నపిల్లలైతే వారి అమ్మానాన్నలను అడగండి. ఆసుపత్రి గుమ్మంలో ఏడ్చేవారిని, ప్రమాదంలో పడినవారిని, ఫుట్‌పాత్ మీద నిద్రపోయేవారిని అసలు తీయకండి. అక్కడ ఫోను జేబులో పెట్టి చేయి అందించడమే మీ పని. అడిగే ధైర్యం లేకపోతే ఆ ఫోటో తీయవద్దు.

‘వీధి అందరిదీ కదా!’ అనకండి. వీధి అందరిదే, ముఖం మాత్రం ఎవరిది వారిదే. వ్యక్తిగత గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పూలమ్మే అవ్వ ఆ తీర్పు చదివి ఉండకపోవచ్చు. ఆమె అడిగిన ప్రశ్నలో మాత్రం దాని సారమంతా ఉంది.

మీరు చేయవలసిన పని

ఇన్ని నియమాలు విని ఫోటోలు మానేస్తారేమో! మానకండి. మన పేటలు మన కళ్ళ ముందే మారిపోతున్నాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడం మొదలైంది. 2023లో ఉప్పల్ చౌరస్తా మీద పాదచారుల కోసం స్కైవాక్ తెరిచారు. స్తంభాలు లేని ఉప్పల్ రోడ్డు ఎలా ఉండేదో మీ తమ్ముళ్ళకు చూపించాలంటే ఎవరో ఒకరు అప్పుడు తీసిన ఫోటో ఉండాలి. కట్టడాల ఫోటోలైనా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆ రోడ్డు మీద జనం ఎలా నడిచారు, ఎలా నవ్వుకున్నారు, వానలో ఒకరికొకరు ఎలా గొడుగు పట్టారు అన్నది ఎవరూ రాయకపోతే ఎప్పటికీ పోతుంది. ఆ పని మీరు చేయగలరు.

వచ్చే ఆదివారం ఇలా చేసి చూడండి. పెద్దవారికి చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి, రోడ్డుకు దూరంగా ఒక చోటు ఎంచుకోండి. స్కైవాక్ మీద గాని, చాయ్ బండి పక్కన గాని, చెరువు కట్ట మీద గాని నిలబడండి. ఫోటోలు తీయకూడదని బోర్డు ఉన్నచోట తీయకండి. మొదటి అరగంట ఫోను జేబులోంచి తీయవద్దు. చూసినదంతా పుస్తకంలో రాయండి. ఎండ ఎటు నుంచి పడుతోంది? జనం ఎక్కడ ఆగుతున్నారు? ఏ పని మళ్ళీ మళ్ళీ జరుగుతోంది? చాయ్ పోసే ముందు ఆయన భుజం ఎలా కదులుతోంది?

రెండో అరగంటలో పన్నెండు ఫోటోలు మాత్రమే తీయండి. పన్నెండే ఎందుకంటారా? పూర్వం కొన్ని కెమెరాల్లో వేసే ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు బొమ్మలే వచ్చేవి. పదమూడోది లేదని తెలిసినవాడు ప్రతి బొమ్మకూ ముందు ఆలోచించేవాడు. మీరు కూడా నొక్కే ముందు ‘ఇప్పుడు ఏం జరగబోతోంది?’ అని ఒక్కసారి అడుగుకోండి. మీ ఊహ నిజమైందా లేదా పుస్తకంలో గుర్తు పెట్టండి. పన్నెండింటిలో రెండు నిజమైతే మొదటిరోజుకు బాగా చూసినట్టే.

ఇంటికి వచ్చాక ఫోటోలను, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి. అందులో ఎవరి ముఖం ఉన్నా, వారు మీ పక్కన కూర్చుని ఆ ఫోటో చూస్తున్నట్టు ఊహించుకోండి. వారు కూడా మీతో కలిసి నవ్వగలిగిన ఫోటో అయితే మిత్రులకు పంపండి. వారి తల దించేలా చేసే ఫోటో అయితే, అది ఎంత స్పష్టంగా వచ్చినా, తీసేయండి.